అడగవలసిన ప్రశ్న, అడగరాని ప్రశ్న



మన వారిలో ఎవరికైనా జబ్బు చేసిందని తెలియగానే మన నోట వచ్చే మొదటి మాట "ఎలా ఉన్నారు?" అన్నది. గుండె జబ్బయినా, షుగరయినా, కామెర్లయినా ఇదే మాట. కాని హెచ్.ఐ.వి. అన్న పేరు చెవిన పడితే మాత్రము ఆ మాట మారిపోతుంది. "ఎలా ఉన్నారు?" పోయి "ఎలా వచ్చిందట?" వస్తుంది. మొదటి ప్రశ్న రోగిని అడుగుతాము. రెండవది రోగి లేనిచోట, రోగి కానివారిని అడుగుతాము.

ఆ రెండవ ప్రశ్న అడిగే హక్కు ఎవరికి ఉన్నది? అది మంచిచెడ్డలను పట్టించుకొనుటయేనా, లేక మంచిచెడ్డల పేరు పెట్టుకొన్న మరొకటా? ఈ సంగతి గాలిలో వాదించుకొనక, ఒక అరుదైన వ్యాధిని ఎదుట పెట్టుకొని ఆలోచిద్దాము. దాని పేరు కాసిల్‌మన్ వ్యాధి. మన దేశములో ఇది ఒకరికీ అరకూ తప్ప కనబడదు. మీలో చాలామంది పేరు కూడా విని ఉండరు. అయినా దానిని ఎన్నుకొనుటకు కారణమున్నది. నలుగురి నోటి మాట ఒక మనిషి ప్రాణము మీదికి ఎలా తెస్తుందో ఈ వ్యాధిలో కనబడినంత స్పష్టముగా మరొక చోట కనబడదు.

వ్యాధి సంగతి

మెడలోను, చంకలలోను, గజ్జలలోను, ఛాతీలోపల, కడుపులోపల మనందరికీ లింఫు గ్రంథులున్నవి. అవి వాచినప్పుడే మనము "బిళ్ళ కట్టింది" అంటాము. 1954లో అమెరికాలోని బోస్టన్ నగరములో, మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో పనిచేసే బెంజమిన్ కాసిల్‌మన్ అనే వైద్యుడు ఛాతీలో ఇటువంటి గ్రంథి విపరీతముగా పెరిగిన ఒక రోగిని గూర్చి వ్రాశారు. 1956లో అటువంటి 13 మంది వివరములు ప్రకటించారు. వారిలో వాపు ఒక్కచోటనే ఉండేది. అటువంటి గ్రంథిని కోసి తీసివేస్తే చాలామంది బాగుపడతారు. తరువాతి కాలములో ఒక్కచోట కాక ఒళ్ళంతా గ్రంథులు పెరిగే మరొక రకము బయటపడింది. 1980లలో హెచ్.ఐ.వి. వ్యాపించిన తరువాత, ఈ రెండవ రకము ఆ రోగులలో కనబడసాగింది.

ఎందుకు వస్తున్నదో చాలాకాలము తెలియలేదు. 1994లో యువాన్ ఛాంగ్, పాట్రిక్ మూర్ అనే పరిశోధకులు, ఎయిడ్స్ రోగుల చర్మము మీద వచ్చే కపోసి సార్కోమా అనే క్యాన్సరులో ఒక కొత్త వైరస్ జాడను కనుగొన్నారు. దానికి హెచ్.హెచ్.వి.-8 అని పేరు. మరుసటి సంవత్సరము 1995లో, హెచ్.ఐ.వి. ఉన్నవారి కాసిల్‌మన్ గ్రంథులలో కూడా అదే వైరస్ ఉన్నట్లు తేలింది.

అది చేసే పని విచిత్రమైనది. మన ఒంటిలోనికి శత్రువు చొరబడినప్పుడు దండోరా వేయుటకు ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థము ఒకటి ఉన్నది. దండోరా వినబడగానే జ్వరము వస్తుంది, రక్షణ కణములు లేస్తాయి. ఈ వైరస్ ఆ పదార్థమునకు నకలు తయారు చేస్తుంది. ఒంట్లోని అసలు పదార్థము కూడా దానితో పాటు పెరుగుతుంది. దండోరా ఆగదు. మనిషి జ్వరముతో కాగిపోతాడు. రాత్రిళ్ళు పక్క తడిసేటట్లు చెమటలు పడతాయి. గ్రంథులు, ప్లీహము, కాలేయము వాస్తాయి. రక్తము తగ్గిపోతుంది. కాళ్ళకు నీరు వస్తుంది. అంతలో, కొన్నాళ్ళకు, ఏ మందూ లేకుండానే అన్నీ తగ్గిపోవచ్చును. మనిషి లేచి పనికి పోతాడు. మళ్ళీ కొన్ని వారములకో నెలలకో అదే జ్వరము తిరిగి వస్తుంది. తగ్గినట్లే తగ్గి తిరగబెట్టుట దీని స్వభావము. ఒకమారు వచ్చిన తిరుగుడే ప్రాణము తీయవచ్చును. కొందరిలో ఇది లింఫోమా అనే క్యాన్సరుగా మారుతుంది.

1996లో పారిస్ వైద్యులు 20 మంది రోగులను గూర్చి వ్రాసినప్పుడు, వ్యాధి తెలిసిన నాటినుండి వారిలో సగము మంది బ్రతికిన కాలము 14 నెలలు. ఇప్పుడు ఆ రోజులు కావు. రిటుక్సిమాబ్ అనే మందు, వైరస్ దాగి ఉండే బి-కణములను తొలగిస్తుంది. 2011లో లండన్ వైద్యులు ప్రకటించిన లెక్కలో, ఈ మందు పొందినవారిలో నూటికి 90 మంది ఐదేండ్ల తరువాత కూడా బ్రతికి ఉన్నారు. ఆ మందు రాకముందు వారి వద్దనే అది నూటికి 33. మందు మనకు దూరమైనదీ కాదు. 2007లోనే హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ దానికి సమానమైన మందును రెడిటక్స్ అన్న పేరుతో మన దేశములో తక్కువ ధరకు తెచ్చింది.

అంటే చావునకు బ్రతుకునకు మధ్య నిలిచినది ఇప్పుడు మందు కాదు. వ్యాధిని సకాలములో గుర్తించుట. దానికి ముందు కావలసినది ఒక్కటే: ఈ రోగికి హెచ్.ఐ.వి. ఉన్నదని వైద్యునికి తెలియుట.

మాట చెప్పలేని మనిషి

ఒక మనిషిని ఊహించుకొందాము. మన వంటి వాడే. తాత తండ్రుల నాడు ఆంధ్ర దేశము విడిచి వచ్చి పరరాష్ట్రములో స్థిరపడిన కుటుంబము. హెచ్.ఐ.వి. ఉన్నదని తెలిసి, పొరుగు పట్టణములోని కేంద్రములో నెలనెలా మందు తీసుకొంటున్నాడు. ఈ మందు మన దేశములో 2004 ఏప్రిల్ నుండి ప్రభుత్వము ఉచితముగా ఇస్తున్నది. భార్యకు తెలుసు. మరెవరికీ తెలియదు.

అతనికి జ్వరము వచ్చి బిళ్ళలు కట్టినవి. వీధిలోని డాక్టరు వద్దకు పోయాడు. తోడు బావమరిది వెళ్ళాడు. డాక్టరు "ఇంతకుముందు ఏమైనా జబ్బులున్నవా? ఏమైనా మందులు వాడుచున్నారా?" అని అడిగాడు. బావమరిది ప్రక్కనే ఉన్నాడు. "లేదండీ" అన్నాడు. జ్వరము, చెమటలు, బరువు తగ్గుట, మెడలో బిళ్ళలు, ఇవన్నీ చూస్తే మన దేశములో ఏ డాక్టరుకైనా ముందు తోచేది క్షయ. తప్పు కాదు. క్షయయే ఎక్కువ. మందులు మొదలుపెట్టారు. జ్వరము దానంతట అది తగ్గింది. మందు పనిచేసిందనుకొన్నారు. రెండు నెలలకు తిరగబెట్టింది.

హెచ్.ఐ.వి. ఉన్నదని తెలిసిన డాక్టరైతే గ్రంథి ముక్క తీసి బయాప్సీకి పంపేవారు. ఆ ముక్కలో హెచ్.హెచ్.వి.-8 ఉన్నదేమో ప్రత్యేకమైన రంగు పరీక్షతో చూడమని అడిగేవారు. ఆ పరీక్ష ఎవరైనా అడిగితేనే చేస్తారు. అనుమానము లేనివాడు అడగడు. రోగి నోరు విప్పనిదే అనుమానము రాదు.

ఇప్పుడు చెప్పండి, ఆ "లేదండీ" అన్న మాట ఎవరిది? పలికినది రోగియే. కాని ఆ మాట అతని నోటిలో పెట్టినవారు మరెందరో ఉన్నారు. పదేండ్ల క్రిందట ఎవరినో గూర్చి వరండాలో కూర్చుండి "ఎలా వచ్చిందట?" అని గుసగుసలాడినవారు ఉన్నారు. ఆ కుటుంబము ఇంట టీ త్రాగుట మానివేసినవారు ఉన్నారు. వారి పిల్ల సంబంధము తప్పిపోవుట చూచి తల ఊపినవారు ఉన్నారు. అదంతా మన మనిషి చూశాడు. చూచి నేర్చుకొన్నాడు. నేర్చుకొన్నదే డాక్టరు ఎదుట ఒప్పజెప్పాడు.

ఆ ప్రశ్నకు జవాబు ఉన్నదా?

సరే, ఆ ప్రశ్న అడిగితే నిజము తెలుస్తుందా? ఈ వ్యాధి విషయములోనే చూద్దాము.

హెచ్.హెచ్.వి.-8 ముఖ్యముగా వ్యాపించేది ఎంగిలి ద్వారా. తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశములలో అనేకులకు ఇది పసితనములోనే సోకుతుంది. తల్లినుండి, తోబుట్టువులనుండి, ఇంటిలోని ఎంగిలినుండి వస్తుంది. ఐరోపా, అమెరికాలలో పురుషులతో సంబంధముగల పురుషులలో ఎక్కువగా కనబడింది. లండన్‌లో ఒక రోగికి, ఆఫ్రికాలోని మలావి దేశములో మరొక రోగికి ఇదే వ్యాధి వస్తే, మైక్రోస్కోపు క్రింద రెండు గ్రంథుల ముక్కలలో ఒకే రోగము కనబడుతుంది. ఎవరికి తల్లి ముద్దులో వచ్చింది, ఎవరికి మరొక విధముగా వచ్చిందన్నది ఆ ముక్క మీద వ్రాసి ఉండదు.

ఇక్కడ ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. హెచ్.ఐ.వి. ఎంగిలి ద్వారా రాదు. ఒకే కంచములో తినుట వలన, ఒకే గ్లాసులో త్రాగుట వలన రాదు. హెచ్.హెచ్.వి.-8 సోకిన ఆరోగ్యవంతులలో కూడా అత్యధికులకు జీవితకాలమంతా ఏ జబ్బూ రాదు. కనుక ఈ వ్యాసము చదివి ఎవరి కంచము వేరు చేయకండి.

హెచ్.ఐ.వి. సంగతి కూడా అంతే. కొందరికి తమ నడవడి వలన వచ్చింది. ఎందరో ఇల్లాళ్ళకు భర్త వలన వచ్చింది. పిల్లలకు తల్లి గర్భములో, కాన్పులో, పాలలో వచ్చింది. కొందరికి ఎక్కించిన రక్తము వలన వచ్చింది. మన దేశములో ఈ వైరస్ మొదట బయటపడినది 1986లో, మదరాసులో డాక్టర్ సునీతి సాలమన్ గారి బృందము చేసిన పరిశోధనలో. ఆ మొదటి రక్తపు నమూనాలు లైంగిక వృత్తిలోని స్త్రీలవి. దేశము ఆ రోజే ఒక నిర్ణయము చేసుకొన్నది, ఈ జబ్బు "ఫలానా వారిది" అని. నిర్ణయము నిలువలేదు. వైరస్ ఇండ్లలోనికి వచ్చింది. ప్రశ్న మాత్రము నిలిచిపోయింది.

మందు తీసుకొంటున్న రోగి మళ్ళీ జబ్బుపడితే మరొక మాట సిద్ధముగా ఉంటుంది: "మందులు మానివేసి ఉంటాడు." కాసిల్‌మన్ వ్యాధి ఈ మాటను కూడా అబద్ధము చేస్తుంది. క్రమము తప్పక మందు మింగి, రక్తములో హెచ్.ఐ.వి. కనబడని స్థితికి వచ్చి, రక్షణ కణములు బాగా పెరిగిన మనిషికి కూడా ఇది రావచ్చును. చేయవలసినదంతా చేసినవానికి వచ్చింది. అతనిని నిందించుటకు మన వద్ద ఉన్న ఆఖరి కారణము కూడా పోయింది.

పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు అడిగిన ప్రశ్న మన వారెవరికీ కొత్త కాదు. ఆ ప్రశ్నకు వచ్చిన జవాబు కూడా కొత్త కాదు. ఆదివారము దానిని గూర్చి ప్రసంగము విని, సోమవారము ఆ పాత ప్రశ్ననే మళ్ళీ అడుగుట మాత్రము వింత.

ఎదురు మాటలు

ఇంతవరకు వచ్చిన తరువాత కొందరు పెద్దలు ఒక మాట అంటారు. ఆ మాటను త్రోసివేయరాదు. "అలాగైతే నడవడికి విలువ లేదా? ఎవరేమి చేసినా అడగకూడదా? కాపురము నిలబెట్టుకొమ్మని, ఒళ్ళు దగ్గర పెట్టుకొమ్మని యౌవనస్థులకు చెప్పకూడదా?" అని.

చెప్పవలెను. తప్పక చెప్పవలెను. కాని చెప్పవలసినది ఆరోగ్యముగా ఉన్నవారికి, జబ్బు రాకముందు. మంచము పట్టినవాని తల వద్ద నిలిచి చెప్పే మాట బోధ కాదు, శిక్ష. నీటిలో మునిగినవానిని ఒడ్డుకు లాగకముందే "నిన్నెవరు దిగమన్నారు?" అనువాడు ఈత నేర్పుచున్నాడనుకొందుమా? నడవడిని గూర్చి నిజముగా పట్టింపు ఉన్నవాడు ముందుగా తన నాలుక నడవడిని చూచుకొంటాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదని మన పెద్దలు ఊరకే అనలేదు.

రెండవ మాట ఇంకా బరువైనది. "భార్యకు తెలియవద్దా? పెండ్లి చేసుకొనబోయే పిల్లకు తెలియవద్దా?" తెలియవలెను. రహస్యమును కాపాడుట వేరు, మరొకరిని అపాయములోనికి నెట్టుట వేరు. మన దేశపు చట్టము కూడా ఈ రెండింటిని వేరుగానే తూచింది. 2017లో చేసిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టము 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనికి వచ్చింది. దాని ప్రకారము ఎవరి స్థితినైనా వారి సమ్మతి లేకుండా బయటపెట్టరాదు. ఉద్యోగములో, చదువులో, వైద్యములో, అద్దె ఇంటి విషయములో వివక్ష చూపరాదు. అయితే తన స్థితి తెలిసినవాడు ఇతరులకు సోకకుండా తగిన జాగ్రత్త తీసుకొనవలెనని కూడా అదే చట్టము చెప్పుచున్నది. భాగస్వామికి తెలియజేయవలసి వచ్చినప్పుడు, డాక్టరుగాని కౌన్సిలరుగాని ఏ పద్ధతిలో చెప్పవలెనో కూడా అందులో ఉన్నది. క్రమముగా మందు తీసుకొని రక్తములో వైరస్ కనబడని స్థితికి వచ్చిన వారినుండి సంసారము వలన భాగస్వామికి హెచ్.ఐ.వి. సోకదని కూడా నేడు తెలిసిన సంగతి.

చూడండి, భార్య ప్రశ్నకు, డాక్టరు ప్రశ్నకు, వరండాలోని ప్రశ్నకు ఎంత తేడా ఉన్నదో! డాక్టరు అడుగుట వైద్యము కొరకు. భార్య అడుగుట తన ప్రాణము కొరకు, తన పిల్లల కొరకు. ఆ జవాబుతో వారు చేయవలసిన పని ఒకటున్నది. వరండాలో అడిగేవానికి ఆ జవాబుతో చేయవలసిన పని ఏదీ లేదు, మరొకరికి చెప్పుట తప్ప. కనుక ఒక ప్రశ్న న్యాయమైనదా కాదా అని తేల్చుకొనుటకు ఇదే కొలబద్ద: జవాబు తెలిస్తే నేను ఆ మనిషికి ఏమి చేయబోవుచున్నాను? చేసేదేమీ లేకపోతే అడిగే హక్కూ లేదు.

మనకు మరీ ముఖ్యము

ఈ సంగతి పరరాష్ట్రములలో స్థిరపడిన మనకు మరీ ముఖ్యము. మన సంఘములు చిన్నవి. అందరూ అందరికీ చుట్టములే. బెంగుళూరులోని మాట షోలాపూరుకు, అక్కడినుండి సొంత ఊరికి చేరుటకు ఎంతోసేపు పట్టదు. పెద్ద ఊరిలో ఒకచోట ముఖము చాటేసుకొన్నవాడు మరొకచోట తలెత్తుకొని తిరుగవచ్చును. మన వానికి ఈ ఒక్క గుంపు తప్ప మరొక గుంపు లేదు. ఇక్కడ తలుపు మూసుకొంటే అతనికి తెలుగులో పలుకరించే దిక్కే ఉండదు.

పేరు పెట్టి తీర్పు తీర్చుట ఎలా ఉంటుందో కూడా మనకు తెలుసు. బొంబాయిలోని కామాటిపురకు ఆ పేరు వచ్చినది, ఇండ్లు కట్టే పనికి తెలుగు దేశమునుండి వెళ్ళిన కామాటీల వలన. చెమటోడ్చిన కూలివాండ్ల పేరు అది. తరువాత ఆ పేట మరొక విధముగా ప్రసిద్ధికెక్కింది. అక్కడ గౌరవముగా బ్రతికిన తెలుగు కుటుంబములు తమ ఇంటి అడ్రసు చెప్పుటకే వెనుకాడవలసి వచ్చింది. అడ్రసును బట్టి మనిషిని కొలిస్తే ఎంత నొప్పియో అనుభవించిన జనము, జబ్బు పేరును బట్టి మనిషిని కొలవవచ్చునా?

మరొక సంగతి. మన ముసలివారికి, క్రొత్తగా వచ్చిన కోడండ్రకు పెద్దాసుపత్రిలో తమిళమో కన్నడమో మరాఠీయో ఒరియాయో చక్కగా రాదు. చదువుకొన్న యౌవనస్థుడో, సంఘ పెద్దో తోడు వెళ్ళి డాక్టరు మాట తెలుగులో చెప్పవలసి వస్తుంది. అలా తోడు వెళ్ళినవాడు, తన పని కాని రహస్యమును తన చెవులతో వింటాడు. అతని నాలుక మీద ఒక ప్రాణము ఉన్నది. అతను మూడు పనులు చేయగలడు. డాక్టరు గది వాకిట "అక్కా, నేను బయట కూర్చుంటాను, అవసరమైతే పిలవండి" అనగలడు. లోపలికి పిలిస్తే, విన్నది తన భార్యకు కూడా చెప్పకుండా ఉండగలడు. తిరిగి వచ్చే బస్సులో "ఎలా వచ్చింది?" అని అడగక "మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు? నేను సెలవు పెడతాను" అనగలడు.

ఈ మూడవ మాట విన్న మనిషి తరువాతిసారి డాక్టరు అడిగినప్పుడు "లేదండీ" అనడు. నెలల తరబడి వచ్చిపోయే జ్వరమును గూర్చి, చంకలోని బిళ్ళను గూర్చి, తాను వాడే మందులను గూర్చి ఉన్నదున్నట్లు చెప్పుతాడు. కాసిల్‌మన్ వ్యాధియే కానక్కరలేదు. క్షయయే కావచ్చును, లింఫోమాయే కావచ్చును, మామూలు జ్వరమే కావచ్చును. ఏదైనా సరే, దాని అసలు పేరు త్వరగా తెలుస్తుంది, వైద్యము త్వరగా మొదలవుతుంది.

మీలో ఎవరైనా ఇప్పటికే ఈ స్థితిలో ఉండి ఈ పంక్తులు చదువుచుంటే, మీకు ఒక్క మాట: సంఘములో ఎవరికీ చెప్పనక్కరలేదు, డాక్టరుకు మాత్రము దాచకండి. తోడు వచ్చినవారిని కాసేపు బయట ఉండమని అడుగుట మీ హక్కు. ఎవరితో మాట్లాడవలెనో తెలియకపోతే 1097 నంబరుకు ఖర్చు లేకుండా ఫోను చేయవచ్చును.

మిగిలిన మనమందరము ఈసారి ఎవరి జబ్బు సంగతియైనా వినినప్పుడు, రెండవ ప్రశ్న నోటికి రాకముందే మొదటి ప్రశ్న అడుగుదాము. అది కూడా వారి ఇంటికి వెళ్ళి, వారినే.